నేల ఆరేదాకా

ఆ ఇంటికి కొత్తగా వచ్చే తల్లులందరూ మొదట ఒకే పొరపాటు పడేవారు. వీధిలో ఎవరిని అడిగినా, "పిల్లల్ని చూసుకునే ఇల్లా? అదిగో, పెద్దావిడా చిన్నావిడా ఉండే ఇల్లు" అని చూపించేవారు. ఒకే మొగుడికి ఇద్దరు పెళ్లాలు కాబోలు అనుకుని, లోపలికి వచ్చాక ఎవరి మొహం ఎలా చూడాలో తెలియక వాళ్లు నేలచూపులు చూసేవారు. పెద్దావిడ ఆ సంగతి తెలిసి కూడా వెంటనే చెప్పేది కాదు. పిల్లని చంకకెత్తుకుని, ఏం తింటుందో ఎప్పుడు పడుకుంటుందో కనుక్కుని, ఆ తల్లి గుమ్మం దాటబోతుండగా అప్పుడు అనేది: "అమ్మాయ్, మేం తోడికోడళ్లం. మొగుళ్లు ఇద్దరున్నారులే. ఇద్దరూ దద్దమ్మలే."

ఆ తల్లి నవ్వు వీధి మలుపు దాకా వినిపించేది.

చిన్నావిడకి ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మధ్యాహ్నం పూట వరండాలో కూర్చుంటే ఆవిడకి గుర్తొచ్చేది పుట్టిల్లు కాదు, పెళ్లినాటి ముచ్చట్లు కాదు. ఆ తోడికోడలే. "రక్తం పంచుకున్నవాళ్ల కంటే చీపురు పంచుకున్నవాళ్లే దగ్గరవుతారు" అని పక్కింటావిడతో ఒకసారి అంది. పక్కింటావిడకి అర్థమైందో లేదో గానీ తలూపింది.

అన్నదమ్ములిద్దరూ సరుకుల లారీలు తోలేవారు. నెలలో సగం రోజులు రోడ్ల మీదే. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఆడవాళ్ల రాజ్యమే. వీధి వైపు వరండా, పొడవాటి ముందు గది, దాని వెనక చిన్న గది, వంటిల్లు, పెరటి గుమ్మం పక్కన బాత్రూం. రెండు సందుల అవతల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున్నే సైరన్ మోగగానే ఆడవాళ్లు గుంపులు గుంపులుగా ఆ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లేవారు. వాళ్లలో కాజాలు కుట్టే ఒకావిడ ఒకరోజు ఏడుస్తున్న పసిదాన్ని తెచ్చి పెద్దావిడ చేతుల్లో పెట్టింది. "ఒక్క పూట చూడక్కా, మా అత్త ఊరెళ్లింది" అంది. ఆ ఒక్క పూట పాతికేళ్లు సాగింది. కాజాలావిడ పిల్ల వెనక ఇంకో పిల్ల, దాని వెనక మరో ఇద్దరు. చిన్నావిడ కొత్తకోడలిగా ఆ ఇంట్లో కాలుపెట్టేసరికి ముందు గది నిండా పాకేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, అలిగి మూల కూర్చున్నవాళ్లు.

"మీ పెళ్లికి అప్పుడే ఇంతమంది పిల్లలా?" అని మరిది వంక చూసి పెద్దావిడ నవ్వితే, కొత్తకోడలు సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. అక్కడ ఇంకో పిల్లాడు పిండి డబ్బాలో చెయ్యి పెట్టి దొరికాడు. ఆ రోజు మొదలు ఆవిడకి ఆ ఇంట్లో తీరిక అన్నది దొరకలేదు.

పెద్దావిడకి శుభ్రం అంటే ప్రాణం. ఆ శుభ్రానికి ఆవిడ నమ్ముకున్న దేవుడు బ్లీచ్. మూల దుకాణంలో తెల్ల డబ్బాల్లో అమ్మే మామూలు బట్టల బ్లీచే. ఎన్ని నీళ్లకి ఎంత అన్న లెక్క ఉండేది కాదు. ఆ ఒక్క విషయంలో ఆవిడ చేతికి ఎముక లేదు. బకెట్లో గుబగుబా వంపేది. కళ్లలో నీళ్లు తిరిగితే సరిపోయినట్టు, తిరక్కపోతే ఇంకాస్త.

"కొంచెం తగ్గించక్కా, కళ్లు మండుతున్నాయి" అని చిన్నావిడ అంటే, "మనకే మండకపోతే క్రిములకేం మండుతుందే?" అనేది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. చుట్టాలొస్తే గంట కూర్చోలేకపోయేవారు. పొమ్మనలేక పొగబెట్టినట్టుంది మీ వదిన వ్యవహారం అని బంధువులు గొణిగేవారు. పెద్దావిడ బట్టలన్నిటి మీదా తెల్లటి చుక్కలు. చిన్నావిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీలం దుప్పటి ఒకటుండేది. అది మంచం మీద నుంచి జారి తడి నేల మీద పడిన రోజున దాని అంచు అరచెయ్యంత మేర తెల్లబోయింది. చిన్నావిడ మొహం అంతకంటే తెల్లబోయింది. "పోనీలే, ఆకాశంలో మబ్బులా ఉంది" అంది పెద్దావిడ. చిన్నావిడ ఆ పూట అన్నం తినలేదు.

డబ్బా బరువని, పెద్దావిడ అందులోంచి కొంత సోడా సీసాలోకి వంపుకుని వంటింటి గట్టు మీద పెట్టుకునేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం చిన్నావిడ భర్త లారీ దిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఆ సీసా ఎత్తి మూత తీశాడు. ముక్కు మంచిదైంది కాబట్టి బతికాడు. సీసా కింద పెట్టి, "వదినా, నన్ను చంపాలంటే అన్నయ్యతో చెప్పి లారీ బ్రేకులు తీయించు, ఇదెందుకు?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. సీసా మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చిన్నావిడకి ఒళ్లు జలదరిస్తుంది. అంతమంది పసివాళ్లు తిరిగే ఇంట్లో, చేతికందే ఎత్తులో, తాగే సీసాలో! ఎలా ఊరుకున్నామో అనుకుంటుంది.

అసలు సంగతి జరిగింది ఒక వానాకాలంలో. వీధి కాలవలు పొంగి, ఇంటింటా వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. పిల్లల ఇంట్లో అయితే గోరుచుట్టు మీద రోకటి పోటు. ఒకడు తగ్గి వచ్చేసరికి ఇంకొకడికి అంటుకునేది. పొద్దున నవ్వుతూ వచ్చిన పిల్ల మధ్యాహ్నానికి వడిలిపోయేది. తల్లులు కూలి పోగొట్టుకుని ఇళ్లలో కూర్చున్నారు. పెద్దావిడ ఆ బాధంతా తన మీద వేసుకుంది.

"నా ఇంట్లో నా చేతి కింద పిల్లలకి రోగమా? దీని అంతు చూస్తా" అని నడుం బిగించింది.

ఆ రోజు పిల్లలందరూ ముందు గదిలో పడుకున్నారు. చిన్నావిడ వాళ్లకి విసురుతోంది. పెద్దావిడ బాత్రూంలోకి వెళ్లి, మందు ఘాటు పిల్లలకి తగలకూడదని తలుపు వేసుకుంది. ముందు మరకలు వదిలించే యాసిడ్ నేలంతా పోసింది. అది చాలదేమో అని దాని మీదే బ్లీచ్ కుమ్మరించింది. రెండు మందులు కలిస్తే రెండింతలు పనిచేస్తాయనే ఆవిడ నమ్మకం.

చిన్నావిడకి మొదట దగ్గు వినిపించింది. పట్టించుకోలేదు. పెద్దావిడ అలా దగ్గడం మామూలే. తరవాత బకెట్ దొర్లిన చప్పుడు. ఆ తరవాత ఇంకో రకం దగ్గు. ఊపిరి అందని మనిషి దగ్గు. పరిగెత్తుకెళ్లి తలుపు నెట్టింది. లోపల నేల మీద పచ్చటి పొగ మోకాలెత్తున తేలుతోంది. దాని మధ్య పెద్దావిడ గోడ పట్టుకుని కూలబడి ఉంది. కళ్లు మూసుకుపోయాయి, నోరు తెరిచి ఉంది, మాట లేదు.

చిన్నావిడ ఆలోచించలేదు. బయట గాలి గుండెల నిండా పీల్చుకుని, ఊపిరి బిగబట్టి, గుమ్మంలోంచే వంగి చేతికి ఏది అందితే అది పట్టుకుంది. అందింది జడ. ఆ జడ పట్టి బలమంతా ఉపయోగించి లాగింది. భుజం అందాక భుజం పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చి పడేసింది. బాత్రూం తలుపు మూసి, ఇంటి కిటికీలన్నీ తెరిచి, పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ ఎత్తుకుని వీధిలోకి చేర్చింది. అరుపులకి వీధి వీధంతా వచ్చింది. కాజాలావిడ మరిది ఆటో తెచ్చాడు.

తరవాత ఎన్నేళ్లో ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు. తోడికోడళ్లు జుట్టూ జుట్టూ పట్టుకోవడం లోకంలో ఉన్నదే గానీ, జుట్టు పట్టుకుని ప్రాణం నిలబెట్టినది తానొక్కతేనని చిన్నావిడ గొప్పలు పోయేది. ఆ రోజు మాత్రం నవ్వెవరికీ లేదు. ఆసుపత్రిలో పెద్దావిడకి ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం పెట్టి పడుకోబెట్టారు. మంచం పక్కన నిలబడ్డ చిన్నావిడ చేతిలో పెద్దావిడ వెంట్రుకలు ఒక గుప్పెడు అలాగే ఉన్నాయి. ఎక్కడ పారెయ్యాలో తెలియక పిడికిలి విప్పలేదు.

పెద్దావిడ ఇంటికొచ్చేసరికి ఇల్లు బోసిపోయి ఉంది. తల్లులు భయపడి పిల్లల్ని మానిపించేశారు. వాళ్లని అనడానికి లేదు. ఒక్క కాజాలావిడ మాత్రం మర్నాడే తన చిన్నదాన్ని తెచ్చి దించింది. "నిప్పుతో ఒకసారి చెయ్యి కాలిందని వంట మానేస్తామా అక్కా?" అంది. ఆ మాటకి పెద్దావిడ కళ్లొత్తుకుంది. గట్టిగా ఏడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు.

కాజాలావిడకి ఒక చెల్లెలుంది. అదే ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సు. సెలవు రోజున అక్క వెంట వచ్చి, కాళ్లు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్లి గట్టు మీది సోడా సీసా పట్టుకొచ్చింది.

"ఇదెవరి పని?" అంది.

పెద్దావిడ కుర్చీలో నుంచి చెయ్యెత్తింది, బళ్లో పిల్లలాగా.

"చూడండమ్మా, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు" అంది నర్సమ్మ. "బ్లీచ్ మంచిదే. మా వార్డులో కూడా అదే వాడతాం. కానీ దాని పద్ధతి దానికుంది. మొదటిది, ఇది వచ్చిన డబ్బాలోనే ఉండాలి. పిల్లలకి అందని చోట, ఎండ తగలని చోట. రెండోది, దీన్ని నీళ్లలో తప్ప ఇంక దేంట్లోనూ కలపకూడదు. యాసిడ్ వద్దు, వెనిగర్ వద్దు, అమ్మోనియా వద్దు, ఇంకో క్లీనర్ ఏదీ వద్దు. రెండు కత్తులు ఒక ఒరలో పెడితే ఏమవుతుందో మీరు చూశారుగా."

"చూశానమ్మా" అంది పెద్దావిడ.

నర్సమ్మ డబ్బా తిప్పి దాని మీద రాసింది చదివింది. తారీఖు చూసింది. "దీని బలానికి లీటరు నీళ్లకి నాలుగు టీ చెంచాలు చాలు. ఇంకో రకం కొంటే మళ్లీ దాని మీద ఏం రాసుందో చూసుకోవాలి. వంటింటి చెంచా కాదు, దీనికంటూ వేరేది పెట్టుకోండి."

"నాలుగు చెంచాలా!" పెద్దావిడ కుర్చీలోంచి సగం లేచింది. "అది మందా, చెయ్యి కడిగిన నీళ్లా? దాంతో క్రిమి చస్తుందా, స్నానం చేసి పోతుందా?"

నర్సమ్మ నవ్వింది. "చస్తుంది. కాకపోతే దానికి టైం ఇవ్వాలి. మీరేం చేస్తున్నారు? ఘాటుగా పోసి వెంటనే తుడిచేస్తున్నారు. ముందు సబ్బు నీళ్లతో మురికి కడిగెయ్యండి. మురికి మీద బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికే తినేస్తుంది. కడిగాక ఈ నీళ్లు రాసి, నేల తడిగా పది నిమిషాలు వదిలెయ్యాలి. ఆ తడే పనిచేస్తుంది, మీ చెయ్యి కాదు. వేడి నీళ్లు వద్దు, మామూలు నీళ్లే. కిటికీలు తెరవాలి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి, మిగిలితే పారబొయ్యాలి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్ని మాత్రం ఆ తరవాత మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి."

వెళ్లేముందు చిన్నావిడ వైపు తిరిగి, "ఇకనుంచి ఈ పని మీది. ఆవిడ ఊపిరితిత్తులు కోలుకోవాలి. ఈ వాసన దగ్గరికి రానివ్వకండి" అని చెప్పింది.

ఆ మాటతో ఇంట్లో ప్రభుత్వం మారింది.

పాతికేళ్ల వయసు నుంచీ ఆ ఇంట్లో ఆడింది ఆటగా, పాడింది పాటగా బతికిన మనిషి పెద్దావిడ. ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని, చిన్నదాని చేతిలో బకెట్ చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. కిటికీలోంచి ఆజ్ఞలు జారీ చేసేది. "ఆ మూల వదిలేశావే. మంచం కింద ఎవరు తుడుస్తారు, మీ నాన్నా?" చిన్నావిడ పళ్లు బిగించి తుడిచేది. నాలుగు చెంచాల నీళ్ల మీద ఆవిడకి కూడా లోపల కొంచెం అనుమానమే. ఎంత పీల్చినా ముక్కుకి తెలిసీ తెలియని వాసన. అయినా నర్సమ్మ చెప్పినట్టే చేసింది.

ఒకరోజు పొద్దున బకెట్ మూత తీయగానే గుప్పున కొట్టింది. చిన్నావిడకి అర్థమైంది. తాను పెరట్లో ఉండగా పెద్దావిడ వచ్చి ఇంకాస్త వంపింది.

"అక్కా! మళ్లీ ఇందులో పోశావా?"

"నాకేం తెలుసు" అంది పెద్దావిడ. అంటూనే దగ్గు తెర వచ్చింది. దొరికిపోయింది.

చిన్నావిడ ఆ బకెట్ ఎత్తుకెళ్లి కాలవలో గుమ్మరించింది. వెనక్కి వచ్చి, పెళ్లయిన నాటి నుంచీ ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది. "నీ జడ పట్టుకుని నేను మళ్లీ లాగలేను! ఈసారి నువ్వు చస్తే నేనూ ఈ పిల్లలూ ఏ గంగలో దూకాలి?"

పెద్దావిడ మొహం వీధి వైపు తిప్పుకుంది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటలు బందయ్యాయి. ఏదైనా చెప్పాల్సి వస్తే పిల్లలే రాయబారులు. "వెళ్లి మీ పిన్నితో చెప్పు, పాలు పొంగుతున్నాయని." "వెళ్లి మీ పెద్దమ్మతో చెప్పు, నాకు కళ్లున్నాయని." మాటలు సరిగ్గా రాని పిల్ల ఒకతె ఈ రాయబారాల్లో పడి, పాలకి కళ్లున్నాయని పెద్దావిడకి చెప్పింది. పెద్దావిడ నవ్వు ఆపుకోలేక దగ్గింది. వంటింట్లో చిన్నావిడ కూడా నవ్వింది. కానీ ఇద్దరూ వేరువేరు గదుల్లోనే నవ్వుకున్నారు.

పిల్లలు మెల్లగా తిరిగి రాసాగారు. దాంతో కొత్త చిక్కొచ్చింది. నేల మీద నీళ్లు రాశాక పది నిమిషాలు తడిగా ఉండాలి. పిల్లలకి తడి నేల కనిపిస్తే జారుడుబండ. ఒకడు జారి పడేవాడు, ఇంకొకతె ఆ నేల మీదే కూర్చుని చేతులు నోట్లో పెట్టుకోబోయేది. ఒకరోజు మధ్యాహ్నం కాజాలావిడ కూతురు ముందు గదిలో వాంతి చేసుకుంది. చిన్నావిడ తొడుగులు వేసుకుని, పాత గుడ్డలతో ఎత్తి సంచిలో కట్టి, సబ్బు నీళ్లతో కడిగి, బ్లీచ్ నీళ్లు రాసేసరికి మిగతావాళ్లంతా గుమ్మంలో గుమిగూడి లోపలికి తోసుకొస్తున్నారు. చిన్నావిడకి ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో పిల్లలు. ఎవరిని ఆపాలి?

అప్పుడు వరండాలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. బొంగురుపోయిన గొంతే, మునుపటి ఖంగు లేదు.

"అనగనగా ఒక ఎలుక. దానికి దొంగల భయం ఎక్కువ. అందుకని ఒక పిల్లిని కాపలాకి పెట్టుకుంది."

తోపులాట ఆగింది. "పిల్లినా?" అన్నాడొకడు. "పిల్లే. మీసాలున్న పిల్లి. ఇలా వచ్చి కూర్చుంటే చెప్తా." ఒక్కొక్కరే వరండాలోకి జారుకున్నారు. చిన్నావిడ కిటికీలన్నీ తెరిచి, తడి నేల అంచున గోడకి చేరబడి నిలబడింది. బయట ఎలుక ఏం చేసిందో, పిల్లి ఏమందో ముక్కలు ముక్కలుగా వినిపించింది. పిల్లలు కిలకిలలాడారు, భయపడ్డారు, మళ్లీ కిలకిలలాడారు. నేల ఆరింది. చిన్నావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెద్దావిడ ఆవిడ వంక చూసి, "అప్పటినుంచీ ఆ పిల్లి ఎలుక కనిపిస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకునేది. కథ కంచికి, మనం లోపలికి" అంది.

"ఆరిందక్కా" అంది చిన్నావిడ. మాటలు అలా కలిశాయి.

ఆ మర్నాటి నుంచీ అదే అలవాటైంది. మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేవగానే వరండాలోకి. లోపల చిన్నావిడ బకెట్, బయట పెద్దావిడ కథ. తల్లులు సాయంత్రం వచ్చి అడిగితే పిల్లలు "ఇవాళ నేల కథ విన్నాం" అనేవారు. అదేం కథో తల్లులకి అర్థమయ్యేది కాదు. పెద్దావిడ ఎప్పుడైనా బద్ధకించి కథ తొందరగా ముగించబోతే చిన్నావిడ లోపలి నుంచి, "ఇంకా తడిగానే ఉందక్కా" అని కేకేసేది. "విన్నారా? పిల్లికి ఇంకా పని పడింది" అని పెద్దావిడ కథ పొడిగించేది.

తరవాతి వానాకాలం వీధిలో మళ్లీ వాంతులొచ్చాయి. ఆ ఇంట్లోనూ ఒకరిద్దరికి తగిలింది, లేదనడానికి లేదు. కానీ మునుపటిలా ఒకరి నుంచి ఒకరికి చుట్టబెట్టలేదు. ఆ బకెట్టే చేసిందో, పిల్లల చేతులు సబ్బుతో కడిగించడం చేసిందో, రెండూ కలిసి చేశాయో, ఎవరు చెప్పగలరు? నర్సమ్మ ఒకసారి వచ్చి ఇల్లంతా చూసి, అలమర పై అరలో తాళం వేసిన డబ్బాని చూసి, పెద్దావిడ పక్కన కూర్చుని కథ విని వెళ్లింది. నాలుగు చెంచాల మీద పెద్దావిడకి పూర్తి నమ్మకం మాత్రం ఎన్నడూ కుదరలేదు. "ఏదో నా కథలకి భయపడి చస్తున్నాయిలే క్రిములు" అనేది.

ఆ కాలం గురించి తలుచుకున్నప్పుడు చిన్నావిడకి ఎండే గుర్తొస్తుంది. తెరిచిన కిటికీల్లోంచి తడి నేల మీద పరుచుకునే మధ్యాహ్నపు ఎండ. దాని మీద పల్చటి, కడిగిన బట్టల్లాంటి వాసన. బయట పదిమంది పిల్లలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎందుకో ఆవిడకి ఎప్పుడూ తెలిసేది కాదు. కథ మొదలు వినేది, చివర వినేది. మధ్యలో గుడ్డ పిండుకునే చప్పుడు, బొమ్మలు కడుక్కునే పని. ఎలుక దగ్గర పనికి కుదిరిన పిల్లి, ఎలుకకి దణ్ణం పెట్టే దాకా ఎలా వచ్చింది? అడుగుదాం అనుకునేది. పనిలో పడి మరిచిపోయేది.

ఏళ్లు గడిచాయి. బావగారు పోయారు. పెద్దావిడకి గుండె జబ్బు వచ్చి మంచం పట్టింది. ఒకరోజు ఆవిడ గది తుడవాల్సి వస్తే, మంచంతో సహా ఆవిడని వరండాలోకి మోసుకొచ్చారు. అప్పటికి లారీ పని మానేసి ఇంట్లోనే ఉంటున్న చిన్నావిడ భర్త, "ఇవాళ నేను తుడుస్తాలే, నువ్వు కూర్చో" అని తొడుగులు తీసుకున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి! చిన్నావిడ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. చేతులకేం పని పెట్టాలో తోచలేదు.

"అక్కా, ఇప్పుడు చెప్పు. ఆ ఎలుకా పిల్లీ కథ. మధ్యలో ఏమవుతుంది?"

పెద్దావిడ ఆశ్చర్యంగా చూసింది. "నీకు తెలీదా?"

"ఎప్పుడు విన్నాను గనక? లోపల చస్తుంటే."

పెద్దావిడ పెదాలు నవ్వాయి. "మధ్యలో ఏముందే పిచ్చిదానా! రోజుకొకటి చెప్పేదాన్ని. నోటికొచ్చింది చెప్పేదాన్ని. నా చూపంతా కిటికీలోంచి నీ మీదే ఉండేది. ఆ వాసనకి నువ్వెక్కడ తూలి పడతావో అని. నువ్వు గుమ్మంలోకి వచ్చి నిలబడితే గానీ నా పిల్లి దణ్ణం పెట్టేది కాదు."

చిన్నావిడ వంగి, మంచం మీది దుప్పటి అంచు సర్దింది. లోపల భర్త "ఇది ఎంతసేపు తడిగా ఉంచాలి?" అని అరుస్తున్నాడు. "పది నిమిషాలు!" అని తోడికోడళ్లిద్దరూ ఒకేసారి అరిచారు. పెద్దావిడకి అరుపు కాదు, గాలే వచ్చింది.

ఆ చలికాలంలో పెద్దావిడ వెళ్లిపోయింది.

పిల్లల ఇల్లు మాత్రం ఆగలేదు. చిన్నావిడే తుడవాలి, చిన్నావిడే కథ చెప్పాలి. రెండూ ఒకేసారి కుదరవు కదా. కొన్నాళ్లు భర్త బకెట్ పట్టుకున్నాడు, ఆవిడ వరండాలో కూర్చుంది. కథ చెప్పడం ఆవిడకి చేతకాలేదు. "పిల్లి వచ్చింది, ఎలుక పారిపోయింది" అని రెండు ముక్కల్లో తేల్చేసేది. "అలా కాదు పిన్నీ!" అని పెద్ద పిల్లలు అడ్డం పడేవారు. ఒకతె పిల్లి జీతం పెంచమని అడిగిన సంగతి చెప్పేది. ఇంకొకడు లేదు, పిల్లికి జలుబు చేసిందనేవాడు. వాళ్లలో వాళ్లు దెబ్బలాడుకునేవారు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. అన్నీ నిజమేనని ఆవిడకి తెలుసు. అన్నీ తన వంక చూస్తూ అల్లినవేనని కూడా తెలుసు. ఆ రెండోది పిల్లలకి చెప్పలేదు.

తరవాత ఫ్యాక్టరీ ఊరి బయటికి మారింది. కొత్త చోట పిల్లల కోసం ఫ్యాక్టరీవాళ్లే ఒక గది కట్టారట. తల్లులు వచ్చి చేతులు పట్టుకుని, కళ్లు తుడుచుకుని వెళ్లారు. పొద్దున్నే సైరన్ మోగడం ఆగిపోయింది. చిన్నావిడ ఇన్నేళ్ల బొమ్మలు బుట్టల్లోంచి తీసి ముందేసుకుంది. చక్రం ఊడిన బండ్లు, పంటిగాట్లు పడ్డ రబ్బరు ఏనుగు, రంగు వెలిసిన గిలక్కాయలు. ఇవన్నీ ఆ కొత్త గదికి పంపుదామని కాజాలావిడ కూతురు అడిగింది. ఆ పిల్లే ఇప్పుడు ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల దగ్గర మేస్త్రీ.

చిన్నావిడ పెరటి తలుపు బార్లా తెరిచింది. సబ్బు నీళ్లలో బొమ్మలన్నీ రుద్ది కడిగింది. తొడుగులు వేసుకుని, నీళ్లు కొలిచి, చెంచాలు లెక్కపెట్టి కలిపి, అందులో ముంచి ఉంచింది. తరవాత మంచినీళ్లతో జాడించి, పిట్టగోడ మీద వరసగా పేర్చింది. భర్త వచ్చి, "ఎండలో పెట్టావుగా, ఆరేదాకా నువ్వెందుకు? లోపలికి రా, నడుం వాల్చు" అన్నాడు.

"వస్తా, నువ్వు పద" అంది.

వెళ్లలేదు. ఏనుగు చెవి మీద నిలిచిన నీటి చుక్కని వేలితో తుడిచి, గోడకి చేరబడి అక్కడే కూర్చుంది.